సచివాలయం గోడ మీద లిస్టు ఉంటుంది గానీ ఎవరికీ అర్థం కాదు. మా షాపు ముందు బోర్డు పెడదామనుకుంటున్నా, ఏం రాయమంటారు?

గట్టుమీద_జిరాక్స్:

అందరికీ నమస్తే అండి. కోనసీమలో ఒక ఊళ్ళో సచివాలయానికి ఎదురుగా నాది జిరాక్స్, నెట్ షాపు. పేరుకి జిరాక్స్ గానీ పొద్దున్న షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి నన్ను అడిగేదంతా "బాబూ, మాకెందుకు పడలేదు" అనే. పింఛనైనా, బడి పిల్లల తల్లులకిచ్చే తల్లికి వందనమైనా, రైతులకిచ్చే అన్నదాత సుఖీభవైనా అంతే. లోపల బల్ల దగ్గర జనం ఎక్కువ, "మీకు ఎలిజిబిలిటీ లేదమ్మా" అని ఒక్క ముక్క చెప్పి తర్వాతివాళ్ళని పిలుస్తారు, ఆ ముక్క పట్టుకుని వీళ్ళు రోడ్డు దాటి నా దగ్గరికొస్తారు.

మొన్న ఒకావిడ వచ్చారు. చేతిలో చీరల షాపు కవరు, అందులో ఆధార్లు, బియ్యం కార్డు, పాస్‌బుక్కులు, ఇన్నాళ్ళూ ఎవరే కాగితం ఇచ్చినా మడతపెట్టి దాచుకున్నవీ. కోడలికి తల్లికి వందనం పడలేదు. గోడ మీద అనర్హుల లిస్టులో పేరు ఎదురుగా 'ఎలక్ట్రిసిటీ' అని ఇంగ్లీషులో ఉంది, అంతే. కరెంటు బిల్లు బాకీ ఉందేమోనని రసీదులన్నీ తెచ్చుకున్నారు పాపం. బాకీ ఏమీ లేదండి. వాళ్ళు ఎప్పుడో అమ్మేసిన ఇంటి మీటరు ఇంకా ఈవిడ ఆధార్‌కే లింకై ఉంది, కొన్నవాళ్ళు ఏసీలు పెట్టుకున్నారు, ఆ యూనిట్లన్నీ వీళ్ళ కుటుంబం లెక్కలో పడుతున్నాయి. అత్తగారి ఆధార్‌కున్న మీటరు వల్ల కోడలి డబ్బు ఆగుతుందని ఎవరికి తడుతుంది? ఆ లిస్టు కూడా అద్దం పెట్టెలో తాళం వేసి, మనిషి ఎత్తుకి పైన, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది.

పోనీ ఫోన్లో చూసుకుంటారా అంటే, యూట్యూబ్‌లో "భారీ శుభవార్త" వీడియోలే. సగం మంది ఇప్పటికీ పాత పథకం పేరు అమ్మ ఒడి అనే వెతుకుతారు, పాత వీడియో వస్తుంది, అందులో రూలు వేరు, తేదీ వేరు. తల్లికి వందనం 15,000 అని విన్నారు, ఖాతాలో 13,000 పడింది, మిగతా 2,000 ఎవరో నొక్కేశారని మా షాపు ముందే ఒకరోజు పెద్ద గొడవ. స్కూలు నిర్వహణకి పట్టుకుంటారని ముందే ఒక కాగితం మీద రాసి అంటించి ఉంటే అంత రచ్చ ఉండేది కాదు కదా.

అందుకని షాపు ముందు ఒక పెద్ద బోర్డు పెడదామని ఉంది. రూల్స్ తెలుగులో అసలైనవి ఎక్కడ దొరుకుతాయి, బోర్డు మీద ఏం రాయాలి, దేనితో మొదలుపెట్టాలి, తెలిసినవాళ్ళు చెప్పండి. ఫారానికింత అని తీసుకునే నువ్వా చెప్పేది అనకండి, తీసుకుంటాను నిజమే, కానీ దారి లేని పనికి ఫారం నింపి డబ్బు తీసుకోవడం నాకూ ఇష్టం లేదు.

బల్లకి_ఇవతల:

నేను పక్క జిల్లాలో సచివాలయంలోనే పనిచేస్తానండి, జిల్లా కూడా చెప్పను. మీరన్నది నిజమే, మా వైపు మాట కూడా ఒకటి వినండి. మాకు సర్క్యులర్ వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్‌గా వస్తుంది, ఎక్కువగా ఇంగ్లీషులోనే. రాత్రి వస్తుంది, పొద్దున్నకల్లా జనం గుమ్మంలో ఉంటారు. మేం చదివి అర్థం చేసుకునే లోపే టీవీలో స్క్రోలింగ్ వెళ్ళిపోతుంది.

బోర్డు గురించి నా సలహా ఒక్కటే. పథకాల పేర్లతో మొదలుపెట్టకండి. ప్రభుత్వం మారినప్పుడల్లా పేర్లు మారతాయి, రైతు భరోసా పోయి అన్నదాత సుఖీభవ వచ్చింది, పింఛను కానుక పోయి ఎన్టీఆర్ భరోసా వచ్చింది, మీ బోర్డు ఏడాది తిరక్కుండానే పాతదైపోతుంది. కారణాలతో మొదలుపెట్టండి. ఎందుకంటే ఆగేది చాలావరకు అవే కొన్ని కారణాల మీద. పల్లెల్లో కుటుంబం ఆదాయం నెలకి 10,000 లోపు ఉండాలి, పట్నంలో 12,000. భూమి మాగాణి అయితే 3 ఎకరాలు, మెట్ట అయితే 10 ఎకరాల లోపు. కరెంటు నెలకి 300 యూనిట్లు, అదీ ఏ ఒక్క నెలదో కాదు, 12 నెలల సగటు. ఎండాకాలం ఒక నెల 340 వచ్చిందని హడలిపోయేవాళ్ళకి ఈ ముక్క కచ్చితంగా చెప్పాలి. కారు ఉండకూడదు, టాక్సీ, ఆటో, ట్రాక్టర్ అయితే ఫర్వాలేదు. ఇంట్లో గవర్నమెంటు ఉద్యోగి గానీ పెన్షనరు గానీ ఉండకూడదు, పారిశుద్ధ్య కార్మికులకి మాత్రం మినహాయింపు. ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్ళు ఉండకూడదు. పట్నంలో అయితే ఇంటి విస్తీర్ణం కూడా చూస్తారు.

ఇవి చాలామందికి పైపైన తెలుసు. తెలియనిది ఏంటంటే ఏ కారణానికి ఎవరి దగ్గరికి వెళ్ళాలి అని. అన్నిటికీ మా బల్ల దగ్గరికే వస్తారు, మేం సరిచేయలేనివే ఎక్కువ. మీటరు తప్పుగా లింకైతే కరెంటు ఆఫీసులో ఆ సర్వీసు నంబరు నుంచి ఆధార్ తీయించుకోవాలి, తర్వాత ఆ కాగితంతో మా దగ్గరికి రావాలి. అమ్మేసిన పొలం ఇంకా భూమి రికార్డులో (వన్‌బీ) మీ పేరునే ఉంటే అది వీఆర్వో, తాసీల్దారు ఆఫీసు పని. అమ్మేసిన కారు ఆర్‌సీ మారకపోతే ఆర్టీవో. ఇక అన్నిటికంటే పెద్ద తలనొప్పి హౌస్‌హోల్డ్ మ్యాపింగ్, అంటే ఎవరు ఏ కుటుంబం కింద నమోదయ్యారన్నది. కొడుక్కి పెళ్ళయి హైదరాబాద్‌లో కాపురం పెట్టి పదేళ్ళయినా, మా రికార్డులో తల్లిదండ్రుల ఇంట్లోనే ఉంటాడు. అక్కడ కారు కొంటే ఇక్కడ అమ్మకి ఆగిపోతుంది. విడదీయడానికి ఆప్షన్ ఇచ్చినప్పుడే మేం చేయగలం, ఇవ్వనప్పుడు ఎంత బతిమాలినా మా లాగిన్‌లో ఆ బటనే ఉండదు. ఇది చెబితే జనం నమ్మరండి, లంచం కోసం అంటున్నామనుకుంటారు.

కారణం చూసుకోవడానికి నవశకం పోర్టల్ ఉంది, ఆధార్ నంబరు కొట్టి ఓటీపీ ఇస్తే స్టేటస్ వస్తుంది. మీ షాపులో నెట్ ఉంది కాబట్టి మీరే చూసి పెట్టొచ్చు. చూశాక ఆ కారణం తెలుగులో, పెద్ద అక్షరాలతో ఒక చీటీ మీద రాసివ్వండి. ఆ చీటీ పట్టుకొస్తే మాకూ సగం టైమ్ కలిసొస్తుంది.

లంకరైతు:

బోర్డు మంచిదే బాబూ, కాదనను. కానీ మా కౌలు రైతులకి కారణం తెలియక కాదు ఇబ్బంది. మా దగ్గర పొలాలు సాగు చేసేవాళ్ళలో చాలామంది కౌలుకి చేసేవాళ్ళే, నీకు తెలియనిది కాదు. అన్నదాత సుఖీభవ కావాలంటే సీసీఆర్‌సీ కార్డు, అదే కౌలు సాగుదారు హక్కు కార్డు, కావాలంటారు. 2019 సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఆ కార్డుకి పొలం ఆసామి సంతకం కావాలి. ఆసామి పెట్టడు. పెడితే రేపు పొలం నాదంటానని భయం. ఇక నీ బోర్డు చదివి నేనేం చేయను?

కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ 6,000 కూడా పొలం పాస్‌బుక్ ఉన్నవాళ్ళకే, కౌలుదారుకి రాదు. 2025 ఆగస్టు 2న ఆ రెండూ కలిపి మొదటి విడత 7,000 పడింది కదా, అందులో 5,000 రాష్ట్రానిది, 2,000 కేంద్రానిది. ఊళ్ళో అందరూ 7,000 అంటుంటే మావాళ్ళు కూడా 7,000 అని బ్యాంకు చుట్టూ తిరిగారు. రాదని ముందే చెప్పేవాడుంటే ఆ రోజు కూలికైనా వెళ్ళేవాళ్ళు. రాదు అన్నదాన్ని కూడా రాదని రాయాలి, అది మాత్రం ఒప్పుకుంటాను.

ఇంకో మాట. ఆ చట్టంలోనే ఉంది, ఒప్పందం 11 నెలలకే, కార్డు వల్ల ఆసామి హక్కుకి ఏమీ కాదు అని. ఈ ముక్క కౌలు రైతుకి చెప్పి ఏం లాభం, ఆసామికి కదా చెప్పాల్సింది? ఆసాములు కొందరు భీమవరంలోనో, కాకినాడలోనో, హైదరాబాద్‌లోనో ఉంటారు. పండగకి వస్తారు. సంక్రాంతి నాలుగు రోజులూ కోడిపందేల బరి దగ్గర అందరూ ఉంటారు గదా, అక్కడ కట్టు నీ బోర్డు, నవ్వులాటకి కాదు. "ఆసామి గారూ, సంతకం పెడితే మీ పొలం ఎక్కడికీ పోదు" అని పెద్దగా రాయించు.

మస్కట్_మావయ్య:

నేను ఇక్కడ డ్రైవర్ని, అమ్మ ఒక్కతే మలికిపురం దగ్గర ఉంటుంది. కోనసీమలో ఇలా పిల్లలు గల్ఫ్‌లో, పెద్దవాళ్ళు ఊళ్ళో ఉన్న ఇళ్ళు ఎన్నో చెప్పక్కర్లేదు. మాలాంటివాళ్ళకి ఆ బోర్డు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టండి, అక్షరాలు ఫోటోలో కూడా కనపడేలా.

మనమిత్ర అని 2025 జనవరి 30న ప్రభుత్వం వాట్సాప్ సేవ పెట్టింది, నంబరు 9552300009. దానికి హాయ్ కొడితే సేవల లిస్టు తెలుగులోనే వస్తుంది, నేను ఇక్కడి నుంచే కొన్ని పనులు చేసుకున్నాను. బాగానే ఉంది గానీ ఓటీపీ ఆధార్‌కి లింకైన ఫోనుకి వెళ్తుంది. అమ్మ ఆధార్‌కి ఉన్నది నేను దేశం వదిలేటప్పుడు పారేసిన సిమ్. దాంతో ఓటీపీ ఇంకెవరికో వెళ్తోంది. ముందు ఆధార్‌లో ఫోన్ నంబరు చూసుకోండి అనేది మీ బోర్డులో మొదటి లైను అవ్వాలని నా అభిప్రాయం, తర్వాతే ఏదైనా.

రెండోది బ్యాంకు. డబ్బు మనం సచివాలయంలో ఇచ్చిన పాస్‌బుక్‌లో పడదు, ఆధార్‌కి చివరగా ఏ బ్యాంకు లింకైందో అందులో పడుతుంది. మా చెల్లికి అలా వాళ్ళాయన ఏదో స్కీము కోసం తెరిచి మర్చిపోయిన ఖాతాలో పడింది, వీళ్ళు రాలేదని ఊరంతా తిట్టుకున్నారు. మైఆధార్ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటుంది, ఏ బ్యాంకో అక్కడే చూపిస్తుంది. రాలేదు అని ఎవరైనా వస్తే ముందు అది చూడండి అన్నయ్యా.

దొంగ లింకుల సంగతి కూడా రాయండి. మనమిత్ర పేరు పెట్టి వేరే నంబర్ల నుంచి మెసేజ్‌లు పంపేవాళ్ళుంటారు. నంబరు సరిచూసుకోమనండి, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దనండి.

పాత_50_ఇళ్ళు:

నేను గ్రామ వాలంటీరుగా చేశానండి, 2019 నుంచి. మమ్మల్ని తిట్టినవాళ్ళున్నారు, పొగిడినవాళ్ళున్నారు, ఆ రాజకీయం ఇక్కడ వద్దు. అప్పుడు 50 ఇళ్ళకి ఒకళ్ళం ఉండేవాళ్ళం, మామ్మలకి ఏ అనుమానం వచ్చినా అరుగు మీద కూర్చోబెట్టి అడిగేవాళ్ళు. అందులో ఒక చెడు కూడా ఉంది. రూల్స్ అన్నీ మా నోట్లోనే ఉండేవి, కాగితం మీద ఏదీ లేదు. మేం ఆగిపోయిన రోజున ఆ సమాచారం కూడా ఆగిపోయింది.

బోర్డు చదివేది ఎవరండి? చదువుకున్నవాళ్ళు. పింఛను తీసుకునే మామ్మల్లో చాలామంది చదవలేరు, చదవగలిగినా చూపు ఆనదు. 2024 జులై 1 నుంచి సచివాలయం సిబ్బందే ఇంటికి వెళ్ళి పింఛను ఇస్తున్నారు కదా. నెలకోసారి ప్రతి పింఛను ఇంటికీ ప్రభుత్వం మనిషి వెళ్ళేది ఆ ఒక్క రోజే. ఆ రోజు డబ్బుతో పాటు చిన్న చీటీ ఇచ్చి, రెండు వాక్యాలు చదివి వినిపిస్తే చాలు. ఒక నెల ఒక విషయం. ఉదాహరణకి, పిల్లల దగ్గరికి వెళ్ళి ఒకటో రెండో నెలలు పింఛను తీసుకోకపోయినా మూడో నెల కలిపి ఇస్తారు. ఇది తెలియక హైదరాబాద్ కొడుకు దగ్గరికి వెళ్ళిన ముసలాయన ఒకటో తారీఖుకల్లా ఊరికి పరిగెత్తుకొస్తాడు, పింఛను కంటే బస్సు ఖర్చుకి భయపడుతూ.

ఇంకొకటి భర్త పోయిన ఆడవాళ్ళది. 2024 నవంబరు నుంచి, పింఛను తీసుకుంటున్న భర్త చనిపోతే ఆ పింఛను భార్యకి ఇస్తున్నారు, 4,000. మరణ ధ్రువీకరణ పత్రం, ఆధార్ పట్టుకుని సచివాలయానికి వెళ్ళాలి. కార్యం అయ్యాక ఇంటికి ఎవరూ వచ్చి చెప్పరు. ఆవిడ కొన్నాళ్ళు బయటికి రాదు, వచ్చాక ఎవరిని అడగాలో తెలియదు. మీ దగ్గర డెత్ సర్టిఫికెట్ జిరాక్స్ తీయించుకోవడానికి ఎవరొచ్చినా మీరే చెప్పేయండి, దానికి బోర్డు కూడా అక్కర్లేదు.

డ్వాక్రా గ్రూపు మీటింగు ఉంటుంది కదా, అక్కడ యానిమేటర్ గారితో చదివించండి. లంక ఊళ్ళ వాళ్ళకి ఆటో మైకు కూడా రాదు, పడవ రేవు దగ్గర ఒకటి అంటించండి, పడవ వచ్చేదాకా ఖాళీగానే నిలబడతారు.

కాలవగట్టు_ఆర్టీఐ:

రూల్స్ ఎక్కడ దొరుకుతాయి అన్నారు కదా. సమాచార హక్కు చట్టం 2005లో సెక్షన్ 4 చూడండి. సబ్సిడీ పథకాలు ఎలా అమలు చేస్తారో, లబ్ధిదారులు ఎవరో ఎవరూ అడక్కుండానే ప్రకటించాలి, అదీ స్థానిక భాషని దృష్టిలో పెట్టుకుని. అడిగితే దయతలచి చెప్పే విషయం కాదది, వాళ్ళ డ్యూటీ. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసుకి అర్జీ పెడితే ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆ పైన 10. "అనర్హుల జాబితాలో ప్రతి పేరుకీ కారణం, దాన్ని సరిచేసే అధికారి హోదా తెలుగులో ఇవ్వగలరు" అని ఒక అర్జీ పడేయండి. రాజస్థాన్‌లో 2019లోనే జన్ సూచన అని పోర్టల్ పెట్టి పథకాల వివరాలు ఊరివారీగా జనం ముందు పెట్టారు. మనం చేయలేక కాదు. జీవోలు కూడా 2021 ఆగస్టులో ఆన్‌లైన్‌లో పెట్టడం ఆపేసి 2024 ఆగస్టులో మళ్ళీ మొదలెట్టారు, చూసుకోవచ్చు, కాకపోతే తెలుగులో దొరికేవి తక్కువ.

పేర్లు, ఆధార్ నంబర్లు మాత్రం మీ బోర్డు మీద రాయకండి. ఫలానా వాళ్ళకి ఇందుకు ఆగింది అని ఊరందరికీ చూపించడం వేరే గొడవ.

గట్టుమీద_జిరాక్స్:

చాలా థాంక్సండి అందరికీ. ఫ్లెక్సీకి ఆర్డరిద్దామనుకున్నవాడిని ఆపేశాను. స్కూలు బల్ల లాంటి నల్లబోర్డు కొంటున్నాను, రూలు మారితే తుడిచి రాసుకోవచ్చు. రాసింది ఇదిగో, తప్పులుంటే చెప్పండి:

"డబ్బు పడలేదా? ముందు రెండు చూసుకోండి. మీ ఆధార్‌కి ఉన్న ఫోన్ మీ దగ్గరే ఉందా? ఆధార్ ఏ బ్యాంకుకి లింకై ఉంది? రెండూ ఇక్కడ చూస్తాం, డబ్బు తీసుకోం.

లిస్టులో 'కరెంటు' అని ఉంటే: బిల్లు బాకీ అని కాదు. మీ ఇంట్లోవాళ్ళ ఆధార్లకి ఉన్న మీటర్లన్నీ కలిపి ఏడాది సగటు నెలకి 300 యూనిట్లు దాటింది. మీది కాని మీటరు ఉంటే కరెంటు ఆఫీసుకి వెళ్ళాలి.
'భూమి' అని ఉంటే: అమ్మేసిన పొలమైనా, మీది కాని పొలమైనా వీఆర్వో గారి దగ్గరికి.
'కారు' అని ఉంటే: అమ్మేసిన బండి అయితే ఆర్టీవో ఆఫీసుకి.
'ఉద్యోగి' లేదా 'ట్యాక్స్' అని ఉండి, ఆ మనిషి వేరే కాపురం అయితే: సచివాలయంలో కుటుంబం విడదీయమని అడగండి. ఆప్షన్ లేదంటే అబద్ధం కాదు, ఎప్పుడొస్తుందో అడిగి రండి."

లంకరైతు గారూ, ఆసాముల ముక్క వేరే కాగితం మీద పెద్దగా రాయిస్తున్నాను, పండక్కి కడతాను. డ్వాక్రా యానిమేటర్ గారు మా పిన్నే, ఆవిడకి ఒక కాపీ ఇచ్చాను. ఒకటో తారీఖు చీటీ సంగతి సెక్రటరీ గారిని అడిగితే "పైనుంచి చెబితే ఇస్తాం" అన్నారు. చీటీలు నేనే ఉచితంగా ప్రింటు తీసిస్తానన్నాను, చూద్దాం అన్నారు.

బల్లకి_ఇవతల:

బాగుందండి. రెండు మార్పులు. "కుటుంబం విడదీయమని అడగండి" దగ్గర పెళ్ళి సర్టిఫికెట్, విడిగా ఉంటున్నట్టు ఏదైనా అడ్రసు ఆధారం తెచ్చుకోమనండి, లేకపోతే మళ్ళీ ఇంటికి పంపాల్సి వస్తుంది. ఇంకోటి, ఎక్కడికెళ్ళినా పని కాకపోతే సోమవారం ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టి రసీదు నంబరు తీసుకోవాలి, ఆ నంబరుతో 1100కి ఫోన్ చేస్తే అర్జీ ఎక్కడుందో చెబుతారు. రసీదు లేకుండా నోటిమాటగా చెప్పి వచ్చేస్తే రికార్డులో ఏమీ ఉండదు. బోర్డు మూల మీద మీరు రాసిన తేదీ వేయండి.